రోహిణీ కార్తెలో దుప్పటి

రోహిణీ కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. అట్లాంటి ఎండల్లో, మా బోగోలులో, మిట్టమధ్యాహ్నం పూట ఫ్యాను తగ్గించుకుని కాళ్ళ మీదికి దుప్పటి లాక్కునే ఆడవాళ్ళు ఉన్నారమ్మా. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటారు. కాకపోతే పైకి చెప్పరు. చెబితే వినాల్సిన మాటలేమిటో వాళ్ళకు ముందే తెలుసు. “ఏమ్మే, ఊరంతా ఉడికిపోతా ఉంటే నీకొక్కదానికే చలేంది?” అని అత్తగారు. “పని తప్పించుకోను ఇదో సాకు” అని ఆడబిడ్డ. ఇంటాయన నోరు తెరవడు, లేచి ఫ్యాను ఐదు మీద పెట్టి పడుకుంటాడు. ఆ ఫ్యాను కింద ముడుచుకుని పడుకునే అక్కచెల్లెళ్ళ కోసమే ఈసారి ముచ్చట.

నెల్లూరు తీరం మనది. వేడిని ఎట్లా తట్టుకోవాలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. సబ్జా నీళ్ళు, రాగి జావ, పల్చటి మజ్జిగ, తాటిముంజెలు, తడి గుడ్డ. చలికి మాత్రం మన దగ్గర ఏర్పాట్లు లేవు. కార్తీకంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు పెడితే తప్ప దుప్పటి తియ్యం. అందుకే ఇక్కడ ఒక ఆడమనిషి చలేస్తోందంటే అది జ్వరమన్నా అయ్యుండాలి, నటనన్నా అయ్యుండాలి. మూడోది ఒకటి ఉంటుందని ఎవరికీ తట్టదు. నాకు తోచింది ఒకటి చెబుతాను. చలి దేశాల్లో ఉన్నామెకు చలేస్తే ‘అందరికీ చలేగా’ అని ఆ మాట గాలికి పోతుంది. మన ఎండల్లో అట్లా కాదు. పక్కనున్న పదిమందీ చెమటలు కక్కుతుంటే ఒక్కదానికే అరికాళ్ళు మంచులా ఉంటే, అంతకన్నా తేటగా ఒళ్ళు ఇంకేం చెప్పగలదు? ఆ మాటను మనం కొట్టేస్తున్నాం.

మెడ ముందు, గొంతుముడికి కాస్త కింద, థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది వదిలే హార్మోను ఎక్కువభాగం టీ4. ఒంట్లో కణాలు దాన్ని టీ3గా మార్చుకుని వాడుకుంటాయి. తిన్న తిండిని ఎంత వేగంగా ఖర్చు పెట్టాలో, ఎంత వేడి పుట్టించాలో నిర్ణయించేది అదే. అది తగ్గితే ఒంట్లో పుట్టే వేడి తగ్గుతుంది. ఉన్న కాస్త వేడినీ గుండెకూ పేగులకూ దాచిపెట్టడానికి ఒళ్ళు చర్మం కింది రక్తనాళాలను బిగించేస్తుంది. అందుకే చేతులూ కాళ్ళూ చల్లబడతాయి. చర్మం పొడిబారుతుంది. చెమట తగ్గుతుంది. చెమట పట్టకపోవడం వల్ల మన ఎండ కూడా ఓర్చుకోలేని వాళ్ళుంటారు. ఒకే మనిషికి చలీ పడదు, ఎండా పడదు. ఇది విన్నవాళ్ళు ‘ఇదేం వింత’ అంటారు. వింతేమీ కాదు.

మిగతా లక్షణాలకు మన ఇళ్ళలో ఒక్కోదానికి ఒక్కో సర్దుబాటు సిద్ధంగా ఉంటుంది. జుట్టు రాలితే బోరు నీళ్ళ వల్ల. మొహం ఉబ్బితే నిద్ర ఎక్కువై. మలబద్ధకమైతే నీళ్ళు తాగక. నెలసరిలో రక్తం ఎక్కువ పోతే ‘వయసు అట్టాంటిది’. గొంతు బొంగురుపోతే జలుబు. చెప్పిన మాట మరిచిపోతే పరధ్యానం. పొద్దున్నే మంచం దిగలేకపోతే సోంబేరితనం. మనసు మబ్బు పట్టినట్టుంటే ‘నీకేం తక్కువయింది?’ ఇన్ని కారణాలు విడివిడిగా చెప్పుకునే బదులు అన్నింటినీ ఒకచోట చేర్చి చూసే మనిషి ఒక్కరు కావాలి. ఆ మనిషి డాక్టరే కానక్కర్లేదు. పక్కింటి వదిన అయినా చాలు.

రొయ్యల కంపెనీల్లో ఐసు మధ్య గంటల తరబడి నిలబడి తలలు వలిచే చెల్లెళ్ళకు ఇంకో మాట. చేతులు కొయ్యబారడం ఐసు వల్లేనని మీరనుకుంటారు, సబబే. కానీ ఇంటికొచ్చి వేడినీళ్ళు పోసుకుని, అన్నం తిని, గంటసేపు కూచున్నాక కూడా చేతులు వేడెక్కడం లేదంటే, దాంతోపాటు పైన చెప్పినవాటిలో రెండు మూడు ఉన్నాయంటే, ఐసు మీదే నెపం వేసి ఊరుకోవద్దు.

మన దేశంలో ఇదేమీ అరుదు కాదు. ఎనిమిది నగరాల్లో పెద్దవాళ్ళ రక్తం పరీక్షించి 2013లో అచ్చువేసిన అధ్యయనం ఒకటుంది, అందులో మన హైదరాబాదు, చెన్నై కూడా ఉన్నాయి. నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఎక్కువ. సముద్రపు ఒడ్డు నగరాల్లో లోపలి నగరాలకంటే కొంచెం తక్కువ. కొంచెమే సుమా.

పరీక్ష పెద్ద పని కాదు. కావలి వెళ్ళినా నెల్లూరు వెళ్ళినా ఏ ల్యాబులోనైనా చేస్తారు. ముఖ్యంగా చూసేది టీఎస్‌హెచ్. ఇక్కడే చాలామంది తికమక పడతారు: “అంకె పెరిగిందంటున్నారు, మళ్ళీ థైరాయిడ్ తక్కువంటున్నారు, ఏంది ఇది?” అని. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో పుట్టేది కాదమ్మా, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో పుడుతుంది. వంటింట్లో కోడలు పలక్కపోతే వసారాలో పెద్దావిడ గొంతు పెంచుతుందే, అట్లా థైరాయిడ్ మందగించే కొద్దీ పిట్యూటరీ గొంతు పెంచుతుంది. ఆ కేకే రిపోర్టులో కనిపించే పెద్ద అంకె. మామూలుగా 0.4 నుంచి 4 చిల్లర దాకా ఉండొచ్చు, ల్యాబును బట్టి కాస్త తేడా. టీఎస్‌హెచ్ పెరిగి, టీ4 కూడా తగ్గితే మాత్ర తప్పదు. టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగి టీ4 సరిగ్గా ఉంటే వెంటనే మాత్ర అవసరం లేకపోవచ్చు. కొన్నాళ్ళాగి మళ్ళీ చూస్తారు. డెబ్బై దాటిన పెద్దవాళ్ళలో ఆ అంకె సహజంగానే కాస్త పైన ఉంటుంది. గర్భిణుల లెక్క వేరు, దాని సంగతి చివర్లో చెబుతాను.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు రక్తమిచ్చే ముందు రెండు రోజులైనా అవి ఆపండి. బయోటిన్ కొన్ని యంత్రాలను తప్పుదోవ పట్టిస్తుంది, లేని అంకె చూపిస్తుంది. ఈ సంగతి ల్యాబులో అందరూ అడగరు, మనమే చెప్పాలి.

ఇక థర్మామీటరు గురించి. కరోనా రోజుల్లో ప్రతి ఇంటికీ ఒకటి చేరింది. అప్పటినుంచి చాలామంది అక్కలు పొద్దున్నే చంకలో పెట్టుకుని చూసి “97 దాటడం లేదు, నాకు థైరాయిడే” అని తేల్చుకుంటున్నారు. ఇంకొందరు దీనికి ఎదురుగా, రక్తపరీక్షలో జబ్బు బయటపడ్డాక కూడా “ఒళ్ళు 98 ఉందిగా, నాకేం లేదు” అని మాత్ర ఆపేస్తున్నారు. రెండూ ప్రమాదమే, రెండోది మరీను.

మనం సరైన అంకె అనుకునేదే అంత గట్టిది కాదు. 1868లో కార్ల్ వుండర్‌లిష్ అనే జర్మన్ డాక్టరు, లైప్‌జిగ్ ఊళ్ళో పనిచేసినవాడు, వేలమంది రోగుల వేడి కొలిచి 37 సెంటీగ్రేడు అన్నాడు. అంటే 98.6 ఫారన్‌హీట్. మన డాక్టర్లు 98.4 అనడం అలవాటు. ఆ తర్వాత మనుషుల ఒళ్ళే మారింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1860ల నాటి సైనికుల లెక్కలు మొదలుకుని ఈ మధ్యవాటి దాకా పోల్చి, సగటు వేడి మెల్లగా తగ్గుతూ వచ్చిందని 2020లో చెప్పారు. పైగా తెల్లవారుజామున ఒంటివేడి అన్నింటికన్నా తక్కువ, సాయంత్రానికి ఎక్కువ. చంకలో చూస్తే నోట్లో కన్నా తక్కువ వస్తుంది. నెలసరి వచ్చే ఆడవాళ్ళకు అండం విడుదలయ్యే ముందు తక్కువ, తర్వాత అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా ఎక్కువ. వయసు మళ్ళితే ఇంకాస్త తక్కువ. ఇన్ని తేడాల మధ్య 97.2 అనే ఒక్క అంకె థైరాయిడ్ గురించి ఏం చెప్పగలదు?

అయినా ఈ అలవాటు ఊరికే పుట్టలేదు. 1942లో బ్రోడా బార్న్స్ అనే అమెరికా డాక్టరు, పొద్దున లేవకముందే మంచం మీదే చంకలో థర్మామీటరు పెట్టి చూడమని, 97.8 కన్నా తక్కువుంటే థైరాయిడ్‌ను అనుమానించమని రాశాడు. అప్పటికి టీఎస్‌హెచ్ రక్తపరీక్ష లేదు. రోగి మాట, ఒంటివేడి, ఊపిరిని బట్టి కట్టే లెక్క ఒకటి, ఇవే ఆధారం. ఆ రోజుల్లో ఆడవాళ్ళ బాధను నమ్మి, దానికో కొలత వెతికిన మనిషిగా ఆయన మీద నాకు గౌరవమే. కానీ రక్తపరీక్ష వచ్చాక ఆ కొలత అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఫోన్లో వీడియోలు పెట్టి “ఒంటివేడి 98.6కు తేవాలి, దానికి టీ3 మాత్రలు పెంచుకుంటూ పొండి” అని చెప్పేవాళ్ళున్నారు. ఆ పద్ధతికి ఆధారం లేదని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ ఎప్పుడో చెప్పింది. టీ3 ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచనవుతాయి. థర్మామీటరు అంకె కోసం గుండెను పణంగా పెట్టకండి తల్లీ.

ఇంతకీ అసలు చెప్పాలనుకున్నది ఇది. థైరాయిడ్ తగ్గిన చాలామందిలో థర్మామీటరు మామూలు అంకే చూపిస్తుంది. చలి మాత్రం ఉంటుంది. లోపలి వేడిని కాపాడుకోవడానికి ఒళ్ళు పైపై వేడిని వదులుకుందని చెప్పాను కదా, చలి అక్కడ తెలుస్తుంది, థర్మామీటరుకు అందదు. కాబట్టి అంకె బాగుందని ఆమె చలిని కొట్టేయకూడదు. అంకె తగ్గిందని జబ్బును ఖాయం చేసుకోకూడదు. చలి నిజం, సాక్ష్యం రక్తంలో ఉంది.

థర్మామీటరు తప్పకుండా అక్కరకొచ్చే సందర్భం ఒకటుంది. ఇంట్లో పెద్దావిడ ఎవరన్నా ఏళ్ళ తరబడి థైరాయిడ్ మాత్ర వాడి, ఏదో కారణాన ఆపేసి, తర్వాత దగ్గో ఊపిరితిత్తుల జబ్బో పట్టి, మత్తుగా పడి ఉంటే, పిలిస్తే సరిగ్గా పలక్కపోతే, ఒళ్ళు చల్లగా తగిలితే వెంటనే చూడండి. 95 కన్నా దిగితే అది ప్రాణం మీదికొచ్చిన స్థితి. పాదరసం థర్మామీటర్లు చాలావరకు 94, 95 దగ్గరే మొదలవుతాయి, అంతకన్నా కిందికి చూపించలేవు. అందుకని అంకె కదలడం లేదని థర్మామీటరును అనుమానించి కూచోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. అట్లాంటి వాళ్ళకు లోపల ఎంత ఇన్ఫెక్షన్ ఉన్నా ఒళ్ళు కాలకపోవచ్చు. ‘జ్వరం లేదుగా’ అని ధైర్యపడటం పనికిరాదు.

జబ్బు పాతదే. 1873లో విలియం గల్ అనే లండన్ డాక్టరు, నడివయసు ఆడవాళ్ళు కొందరిలో మొహం ఉబ్బడం, మాట మందగించడం, మనసు నెమ్మదించడం గమనించి రాశాడు. చెయ్యగలిగింది మాత్రం అప్పట్లో ఏమీ లేదు. 1891లో జార్జ్ మర్రే అనే కుర్ర డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి రసం తీసి 46 ఏళ్ళ ఆడమనిషికి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె తేరుకుని, ఆ మందు మీదే ఇంకో 28 ఏళ్ళు బతికింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ ఆ గ్రంథి నుంచి థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా విడదీశాడు. 1927కల్లా దాన్ని ప్రయోగశాలలోనే తయారుచెయ్యగలిగారు. మందులషాపులో మన చేతికొచ్చే లీవోథైరాక్సిన్ సీసా ఆ దారిలో వచ్చింది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది, ధర అదుపులో ఉంది. రోజుకొక్క చిన్న మాత్ర. జీవితాంతం వెయ్యాలా అని దిగులు పడేవాళ్ళను చూస్తే నాకు ఆ 46 ఏళ్ళ తల్లి గుర్తొస్తుంది. ఆమెకు ముందు పుట్టినవాళ్ళకు ఆ ‘జీవితాంతం’ కూడా దక్కలేదు.

మాత్ర వేసుకునే పద్ధతిలోనే సగం వైద్యముంది. పొద్దున లేవగానే, పరగడుపున, మంచినీళ్ళతో. కాఫీతో కాదు, పాలతో కాదు. ఆ తర్వాత అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ, టిఫిను. మనకు కాఫీ చుక్క పడందే కళ్ళు తెరుచుకోవు, తెలుసు. అట్లా ఆగలేనివాళ్ళు డాక్టర్ని అడిగి రాత్రికి మార్చుకోవచ్చు. అన్నం తిన్న మూడు గంటలకు, పడుకోబోయే ముందు వేసుకున్నా బాగానే పనిచేస్తుంది. రైలుకో బస్సుకో పొద్దున్నే పరుగెత్తే ఉద్యోగస్తులకు ఇదే నయం. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర వాడుతుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. ఒకేసారి గుప్పిట్లో వేసుకుని మింగేస్తే థైరాయిడ్ మాత్రను అవి పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టదు. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్ళు ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి. ఒక్కపొద్దు ఉన్నా మాత్ర మానక్కర్లేదు, నీళ్ళతో వేసుకునే మాత్రకు ఏ దేవుడూ అభ్యంతరం చెప్పడు. ఒకరోజు మరిచిపోతే కంగారు పడొద్దు. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందుకే మోతాదు మార్చాక ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ రక్తమివ్వాలి. పది రోజులకే ‘ఏం తేడా లేదు’ అని ఆపేయడం ఆ మాత్రకు అన్యాయం చెయ్యడమే. కంపెనీ మారితే కూడా అంతే, ఓ రెండు నెలలయ్యాక ఒకసారి చూపించుకోండి.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది మాత్ర దాచే చోటు గురించి. ఈ మందుకు వేడి పడదు, తేమ పడదు, వెలుతురు పడదు. మనకేమో మే నెల వేడి, సముద్రపు తేమ రెండూ ఉన్నాయి. సీసా చాలా ఇళ్ళలో ఎక్కడుంటుంది? ఫ్రిజ్జు మీద, పొయ్యి పక్క అలమరలో, కిటికీ గూట్లో, లేకుంటే స్నానాలగదిలో. ఒక్కటీ పనికిరాదు. ఫ్రిజ్జు పైభాగం ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. పడగ్గదిలో ఎండ తగలని బీరువా అరలో, వచ్చిన సీసాలోనే, మూత గట్టిగా బిగించి పెట్టుకోండి. సీసాలో ఉండే చిన్న పొట్లం తీసి పారెయ్యొద్దు, తేమ పీల్చేది అదే. రేకుల ఇల్లయితే వేసవిలో పెద్ద సీసా కొనకుండా తక్కువ మాత్రలున్నది కొనుక్కోండి. స్కూటరు డిక్కీలో, ఎండలో నిలబెట్టిన కారులో వదిలెయ్యొద్దు. మోతాదు మారకుండానే టీఎస్‌హెచ్ ఎగబాకినప్పుడు డాక్టరు మాత్ర పెంచేస్తారు. ఒకసారి మాత్ర ఎక్కడుందో, దేంతో మింగుతున్నామో కూడా చూసుకుని ఆ మాట ఆయనకు చెబితే మేలు.

థైరాయిడ్‌కు అయోడిన్ కావాలి. ఆ అయోడిన్ ఇచ్చే ఉప్పు విషయంలో మన తీరం వాళ్ళకు ఒక నమ్మకం గట్టిగా ఉంది. “సముద్రం మన పక్కనే, ఇస్కపల్లి రాళ్ళ ఉప్పు తింటాం, మనకు అయోడిన్ కరువేంది?” అంటారు. సముద్రంలో అయోడిన్ ఉన్న మాట నిజమే. చేపల్లో, రొయ్యల్లో ఉంటుంది. కానీ మడిలో నీళ్ళు ఎండి ఉప్పు గడ్డకట్టేటప్పుడు అయోడిన్ చాలావరకు ఉప్పులోకి రాదు. అందుకే ప్రత్యేకంగా కలపాల్సి వచ్చింది. ఆ కలపడం మన దేశంలో నిలబడటానికి కారణమైనవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది మన తెలుగువాడినే. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివి, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టరైన మనిషి. 1956 నుంచి ఆయన బృందం హిమాలయాల కింద కాంగ్రా లోయలో పనిచేసింది. అక్కడ మెడకింద గడ్డలు, అంటే గాయిటర్, ఇంటింటా ఉండేవి. లోయను భాగాలుగా విడదీసి కొన్నిచోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గడ్డలు తగ్గిపోయాయి. 1962లో దేశమంతటికీ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు తినే ఉప్పు ఇంటికి చేరేసరికి కిలోలో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నియమం. వంటింట్లో ఉప్పు డబ్బాకు మూత పెట్టండి, కూరలో చివర్లో వెయ్యండి. గులాబీరంగు ఉప్పు ఆరోగ్యమని ఇంటిల్లిపాదికీ మార్చేస్తున్నవాళ్ళు, కడుపుతో ఉన్న కోడలు ఉన్న ఇంట్లో మరీ ఆలోచించాలి.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. అయోడిన్ దొరికే చోట థైరాయిడ్ తగ్గడానికి పెద్ద కారణం అయోడిన్ లోపం కాదు. మన రక్షణ వ్యవస్థే మన గ్రంథి మీద దాడి చెయ్యడం. 1912లో హషిమోటో అనే జపాను డాక్టరు దీన్ని వర్ణించాడు, ఆయన పేరే ఉండిపోయింది. ఇట్లాంటివాళ్ళు ఉప్పు ఎక్కువ తిన్నా, అయోడిన్ చుక్కలు కొనుక్కుని వేసుకున్నా గ్రంథి బాగుపడదు. ఎక్కువైతే ఇంకా చెడొచ్చు కూడా.

తిండి గురించి ఎక్కువ చెప్పను. క్యాబేజీ, కాలీఫ్లవరు ఉడికించి మామూలుగా తింటే ఏమీ కాదు. మీల్ మేకరు ఎక్కువ తినేవాళ్ళు దాన్ని మాత్రకు దూరంగా ఉంచుకుంటే చాలు. చేపల పులుసు నిక్షేపంగా తినండి.

బరువు గురించి మాత్రం నిజం చెప్పాలి. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం నీరు, ఉప్పు. అంతకు మించింది మాత్రతో కరగదు. కరగడం లేదని మోతాదు సొంతంగా పెంచుకుంటే గుండెదడ మొదలవుతుంది. పొద్దున ఎండ ఎక్కకముందు నడక, కండ పెరిగే పని, కంటినిండా నిద్ర, వీటికి బదులు లేదు. కండ ఉంటే ఒంట్లో వేడీ పుడుతుంది. చలి తగ్గడానికి అదొక దారి.

ఇంకొందరు అక్కలున్నారు. మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారు, టీఎస్‌హెచ్ సరిగ్గా ఉంది, అయినా చలి, నీరసం. డాక్టరు ‘అంతా బాగుంది’ అంటారు, ఇంటికొచ్చి ఏడుస్తారు. మీ బాధ కల్పన కాదు, కానీ దాని కారణం ఈసారి ఇంకోచోట ఉండొచ్చు. ముందు రక్తహీనత చూడండి. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. రక్తం తక్కువైనా చేతులు చల్లబడతాయి, ఆయాసం వస్తుంది, జుట్టు రాలుతుంది. థైరాయిడ్ తగ్గి నెలసరిలో రక్తం ఎక్కువ పోతే ఒకటి రెండవుతుంది. బీ12, షుగరు, గురకతో చెడే నిద్ర, మనసు కుంగుబాటు, వీటినీ ఒక్కొక్కటిగా చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. ఏ లక్షణం ఎప్పటినుంచో కాగితం మీద రాసుకుని వెళితే డాక్టరుకూ సులువు, గది బయటికొచ్చాక మనకు ‘ఆ మాట చెప్పలేదే’ అనిపించదు.

ఇంట్లో మగవాళ్ళతో ఒక్క మాట. ఆమె చెయ్యి ఒకసారి పట్టుకుని చూడండి. చల్లగా తగిలితే ఫ్యాను ఆమె వైపు కాకుండా మీ వైపు తిప్పుకోండి. పొద్దున ఆమె మాత్ర వేసుకుని గంట ఆగే లోపల కాఫీ మీరు కలపండి.

ఇప్పుడు చివరికి దాచిన సంగతి. పెళ్ళి కావాల్సిన ఆడపిల్లకు థైరాయిడ్ ఉందని తెలిస్తే మన ఇళ్ళలో మొదటి మాట “బయట అనొద్దు” అని. సంబంధం తప్పిపోతుందని భయం. ఆ భయం ఊరికే లేదు, తప్పిపోయిన సంబంధాలు నాకూ తెలుసు. కానీ దాచాక ఏం జరుగుతుందో చూడండి. అత్తారింట్లో సీసా కనపడకూడదు. కాబట్టి బట్టల మడతల్లోనో స్నానాలగదిలోనో ఉంటుంది. పొద్దున లేవగానే నలుగురి మధ్య మాత్ర మింగలేదు. కొన్ని రోజులు వేసి, కొన్ని రోజులు మాని, చివరికి ఆపేస్తుంది. ఆపైన నెల తప్పుతుంది.

కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచెయ్యడం మొదలయ్యే దాకా తల్లి హార్మోనే దిక్కు. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు దాని మీదే ఆధారపడుతుంది. అప్పుడు తల్లికి చాలకపోతే గర్భం నిలవకపోవచ్చు, నెలలు నిండకముందే కాన్పు కావచ్చు, బిడ్డ ఎదుగుదల దెబ్బతినొచ్చు. సరిగ్గా మాత్ర వాడిన తల్లులకు మాత్రం అందరిలాగే చక్కటి బిడ్డలు పుడుతున్నారు. తేడా అంతా ఆ చిన్న మాత్రలో ఉంటే, దాన్ని దాచమని చెప్పేది మనమేనా? పెళ్ళికి ముందే చెప్పండి. “రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, మిగతాదంతా మామూలే” అని అమ్మే నిటారుగా నిలబడి చెప్పాలి. ఆ మాట విని వెనక్కిపోయే సంబంధం పోనివ్వండి.

పెళ్ళయిన చెల్లెళ్ళూ, బిడ్డ కోసం చూస్తున్నప్పుడే ఒకసారి టీఎస్‌హెచ్ చేయించుకోండి. అది రెండున్నర లోపల ఉంటే మంచిదంటారు. నెల తప్పిందని తెలిసిన రోజు నుంచే మాత్ర మోతాదు పెరగాల్సి ఉంటుంది, చాలామందికి పావు వంతుకు పైనే. అపాయింట్‌మెంటు దొరికేదాకా వారాలు ఆగే పని కాదది. మొదటి సగం నెలల్లో నాలుగు వారాలకొకసారి రక్తం చూడాలి. బిడ్డ పుట్టాక తన రక్తంలో థైరాయిడ్ పరీక్ష చేశారా అని ఆస్పత్రిలోనే అడగండి, పుట్టుకతో లోపముంటే మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెట్టడం ఎంతో ముఖ్యం. కాన్పయ్యాక మీ మోతాదు మళ్ళీ తగ్గిస్తారు. కాబట్టి ఈసారి డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు “నెల తప్పితే ఆ రోజు నుంచి ఎన్ని మాత్రలు వేసుకోమంటారు?” అని ముందే అడిగి, చీటీ మీద రాయించుకుని, ఆ చీటీని మందుసీసాకు రబ్బరుబ్యాండు వేసి ఉంచుకోండి.